ఆర్టీఐలో అడిగిందే ఇచ్చారు, కావలసింది మాత్రం రాలేదా? దరఖాస్తు ఇలా రాయండి

పింఛనుకు పెట్టుకుని చాలా నెలలైంది, అడిగిన ప్రతిసారీ రేపు రా అంటున్నారు, ఎవరో ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు, వేయమన్నారు. సరేనని తెల్లకాగితం తీసుకుని "నా పింఛను దరఖాస్తు ఏ స్థితిలో ఉందో తెలపగలరు" అని రాసి, ఫీజు కట్టి, ఎంపీడీఓ ఆఫీసులో ఇచ్చి వస్తారు. గడువు నిండే లోపు పోస్టులో ఒక పేజీ వస్తుంది. "మీ దరఖాస్తు పరిశీలనలో ఉన్నది." కింద సంతకం, సీలు. అంతే. కడుపు మండి అప్పీలుకు వెళ్తే అక్కడ కూడా "కోరిన సమాచారం ఇప్పటికే ఇచ్చినందున అప్పీలు ముగించడమైనది" అంటారు.

చట్టం ప్రకారం ఇక్కడ ఎవరినీ తప్పుపట్టలేం. స్థితి ఏమిటని అడిగారు, స్థితి చెప్పారు. కానీ ఆ మనిషికి కావలసింది వేరు. కాగితం ఎవరి బల్ల మీద ఆగింది, ఎందుకు ఆగింది, కాదన్నారా, కాదంటే ఏ కారణంతో, ఇప్పుడు ఎవరిని కలవాలి, ఇవన్నీ కావాలి. దరఖాస్తులో వీటిలో ఒక్కటీ లేదు. మన ఊళ్లలో సమాచార హక్కు మీద జనం నమ్మకం పోవడానికి అధికారులు దాచిపెట్టడం ఒక కారణమైతే, ఇలా అడిగిందే వచ్చి కావలసింది రాకపోవడం ఇంకో పెద్ద కారణం అని నా అభిప్రాయం. మొదటిదాన్ని సరిచేయడం మన చేతిలో పూర్తిగా లేదు. రెండోది మాత్రం మన చేతిలోనే ఉంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక విషయం మనసులో గట్టిగా పెట్టుకోవాలి. 2005 సమాచార హక్కు చట్టం మనకు ఇచ్చేది ఆఫీసులో ఇప్పటికే ఉన్న కాగితాన్ని. సెక్షన్ 2(ఎఫ్)లో సమాచారం అంటే ఏమిటో వరసగా చెప్పారు: రికార్డులు, పత్రాలు, మెమోలు, ఈ-మెయిళ్లు, అభిప్రాయాలు, సలహాలు, సర్క్యులర్లు, ఉత్తర్వులు, లాగ్‌బుక్కులు, కాంట్రాక్టులు, నివేదికలు, నమూనాలు, కంప్యూటర్‌లో ఉన్న డేటా. ఇందులో "అభిప్రాయాలు" ఉంది కదా అని "ఈ విషయంలో మీ అభిప్రాయం ఏమిటి" అని అడిగితే రాదు, ఫైల్లో ఎవరో ఇప్పటికే రాసి పెట్టిన అభిప్రాయమే వస్తుంది. 2011లో సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. లేని సమాచారాన్ని తయారుచేసి ఇవ్వాల్సిన పని, సలహాలిచ్చే పని ఆర్టీఐ దరఖాస్తులకు జవాబిచ్చే పౌర సమాచార అధికారికి లేదు. కాబట్టి మనం సంధించే ప్రశ్న ఎంత న్యాయమైనదైనా, దానికి జవాబు ఏ కాగితంలో ఉంటుందో ఆ కాగితం పేరు పెట్టి అడిగితేనే పని జరుగుతుంది.

ఈ చట్టం కోసం జరిగిన పోరాటం కూడా కాగితాల కోసమే మొదలైంది. 1990ల్లో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ నాయకత్వంలో కూలీలు అడిగినవి మస్టర్ రోల్స్ (కూలీల హాజరు పట్టీలు), బిల్లులు, ఓచర్లు. వాటిని ఊరందరి ముందు చదివి, పనిచేసినట్టు రాసిన వాళ్లు నిజంగా పనిచేశారా, వచ్చినట్టు రాసిన సామాను నిజంగా వచ్చిందా అని అక్కడికక్కడే తేల్చారు. అవినీతి జరిగిందా అని అధికారినే అడిగి ఉంటే లేదనే జవాబు వచ్చేది.

ఇక పద్ధతి. దరఖాస్తు రాయడానికి కూర్చునే ముందు ఇంకో కాగితం మీద, మీ మాటల్లోనే, ఈ సమాచారం చేతికొచ్చాక ఏం చేయబోతున్నారో రాసుకోండి. కోర్టులో వేస్తారా, కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలోనో గ్రీవెన్స్‌లోనో ఇస్తారా, గ్రామసభలో చదువుతారా, లేక మీ పని ఎక్కడ ఆగిందో తెలుసుకుని అక్కడికి వెళ్తారా. ఇది తేలితే ఏ కాగితం కావాలో సగం తేలినట్టే. కోర్టుకైతే ధ్రువీకరించిన నకలు కావాలి, టైపు చేసిన జవాబు సరిపోదు. గ్రామసభలో చదవడానికైతే బిల్లులు, కొలతలు కావాలి. అధికారిని కలవడానికైతే పేరు, హోదా, తేదీ చాలు. తర్వాత ఆ పని ఆఫీసులో ఎలా నడుస్తుందో ఊహించుకోండి: దరఖాస్తు వచ్చింది, తపాలు రిజిస్టర్‌లో ఎక్కింది, ఒక సెక్షన్ క్లర్కుకు వెళ్లింది, ఆయన నోట్ రాశాడు (ఇలాంటి నోట్లన్నీ కలిస్తే నోట్ ఫైలు), పైవాళ్లు సంతకం పెట్టారో, ప్రశ్న వేసి వెనక్కి పంపారో. ప్రతి మెట్టు దగ్గరా ఒక కాగితం పుడుతుంది. తెలియకపోతే అదే ఆఫీసులో రిటైరైన వాళ్లను అడగండి, ఊళ్లో ఒకరైనా దొరుకుతారు, ఏ రిజిస్టర్‌లో ఏముంటుందో వాళ్లు చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరు.

అదే పింఛను దరఖాస్తును ఈ పద్ధతిలో రాస్తే ఇలా ఉంటుంది:

"నేను ఫలానా తేదీన ఇచ్చిన పింఛను దరఖాస్తు, రసీదు నంబరు ఫలానా, దీనికి సంబంధించి కింది పత్రాల ధ్రువీకరించిన నకళ్లు కోరుతున్నాను.
1. నా దరఖాస్తు మీద ఈ రోజు వరకు నడిచిన నోట్ ఫైలు, ఉత్తర ప్రత్యుత్తరాలు అన్ని పేజీలు.
2. దరఖాస్తు అందిన రోజు నుంచి అది ఏయే అధికారి దగ్గర ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉందో చూపే రిజిస్టరు పేజీలు, లేదా కంప్యూటర్‌లో ఫైలు కదలికల ప్రింటు. ఆ అధికారుల పేర్లు, హోదాలు.
3. నన్ను అనర్హుడిగా నిర్ణయించి ఉంటే ఆ ఉత్తర్వు, ఏ నిబంధన కింద అనర్హుడినో చూపే పత్రం, దానికి ఆధారంగా తీసుకున్న రికార్డు.
4. ఇలాంటి దరఖాస్తును ఎన్ని రోజుల్లో పరిష్కరించాలో చెప్పే ఉత్తర్వు లేదా సిటిజన్ చార్టర్ పేజీ.
5. పై వాటిలో ఏదైనా మీ దగ్గర లేకపోతే ఏది లేదో అంశం వారీగా రాతపూర్వకంగా తెలపండి. వేరే కార్యాలయంలో ఉంటే సెక్షన్ 6(3) ప్రకారం 5 రోజుల్లో అక్కడికి బదిలీ చేసి నాకు తెలియజేయండి."

ఇప్పుడు "పరిశీలనలో ఉన్నది" అని ఒక్క ముక్క రాసి పంపడం కుదరదు. మూడో అంశం చాలామంది వదిలేస్తారు, అదే అన్నిటికంటే ముఖ్యం. ఆంధ్రప్రదేశ్‌లో పింఛను అర్హతను కరెంటు వాడకం, భూమి, నాలుగు చక్రాల బండి, ఆదాయపు పన్ను లాంటి వాటితో సరిచూస్తారు. మీ ఆధార్‌కు ఎవరిదో మీటరు, ఎవరిదో కారు తగిలించి ఉంటే మీరు ఎన్నిసార్లు తిరిగినా అనర్హులే అని కంప్యూటర్ చెబుతూనే ఉంటుంది. ఆధారంగా తీసుకున్న రికార్డు చేతికొస్తే ఏ మీటరో, ఏ బండి నంబరో కనిపిస్తుంది, దాన్ని పట్టుకుని సరిచేయించుకోవచ్చు. ఐదో అంశం కూడా ఊరికే పెట్టింది కాదు. లేదని రాసి సంతకం పెట్టడానికి ఏ ఆఫీసైనా ఒకసారి బీరువా తెరిచి చూసుకుంటుంది.

"ఎందుకు" అని మొదలయ్యే ప్రశ్న వచ్చిందంటే అక్కడ ఆగండి. "మా వీధికి రోడ్డు ఎందుకు వేయలేదు" అంటే "నిధుల కొరత వలన" అని వస్తుంది, లేదా ఇది సమాచారం నిర్వచనంలోకి రాదని తిప్పి పంపుతారు. దీన్నే "మా వీధి రోడ్డు పని ప్రతిపాదన మీద తీసుకున్న నిర్ణయం, దానికి కారణాలు నమోదైన నోట్ ఫైలు పేజీలు, అదే సంవత్సరం మంజూరైన మిగతా పనుల జాబితా, ఎంపికకు అనుసరించిన మార్గదర్శకాలు" అని మార్చండి. నిధులు లేవన్న ఏడాదిలోనే పక్క వీధికి ఎంత ఇచ్చారో కూడా దాంతోపాటు వస్తుంది. మీ సొంత విషయంలో తీసుకున్న నిర్ణయమైతే ఇంకో బలం ఉంది: సెక్షన్ 4(1)(డి) ప్రకారం నిర్ణయాల వల్ల ప్రభావితమైన వాళ్లకు కారణాలు చెప్పడం ఆఫీసు బాధ్యత. ఆ సెక్షన్ నంబరు దరఖాస్తులో రాయండి.

ఊళ్లో పనుల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే జనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. "మా గ్రామంలో వేసిన సీసీ రోడ్ల వివరాలు ఇవ్వగలరు" అని అడిగితే పని పేరు, మొత్తం, "పూర్తయినది" అని మూడు గడులతో ఒక పట్టిక టైపు చేసి ఇస్తారు. వివరాలు అని అడిగినప్పుడల్లా ఎవరో కూర్చుని కొత్తగా ఒక కాగితం తయారుచేస్తారు, అందులో ఏముండాలో వాళ్లే నిర్ణయిస్తారు. అసలు రికార్డులో ఉన్న కొట్టివేతలు, తేదీల తేడాలు, ఖాళీగా వదిలిన సంతకాల గడులు ఇందులో కనబడవు. కాబట్టి రికార్డునే అడగండి. ఒక రోడ్డుకు సాధారణంగా ఉండేవి ఇవి: పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, ఎస్టిమేటు, కాంట్రాక్టరుతో ఒప్పందం, ఎం-బుక్ అని పిలిచే కొలతల పుస్తకం, పై ఇంజినీరు మళ్లీ కొలిచి సరిచూసిన (చెక్ మెజర్‌మెంట్) పేజీలు, క్వాలిటీ కంట్రోల్ పరీక్షల రిపోర్టు, బిల్లులు, పని పూర్తయినట్టు సర్టిఫికెట్. అన్నీ అక్కర్లేదు. రోడ్డు పలుచగా వేశారన్నది మీ అనుమానమైతే ఎస్టిమేటు, ఎం-బుక్ పేజీలు, క్వాలిటీ రిపోర్టు చాలు. ఎస్టిమేటులో ఎంత మందం రాశారో, ఎం-బుక్‌లో ఎంత మందానికి బిల్లు ఇచ్చారో చూసి, రోడ్డు అంచు దగ్గర టేపు పెట్టి కొలవండి. వేయని రోడ్డుకు బిల్లు తీశారని అనుమానమైతే ఎం-బుక్‌తోపాటు బిల్లు తేదీ, చెల్లింపు ఓచరు అడగాలి. ఏ రోడ్డో కూడా స్పష్టంగా ఉండాలి: "రామాలయం నుంచి హైస్కూలు గేటు వరకు, 2023-24 ఆర్థిక సంవత్సరం" అన్నట్టు రాస్తే వేరే రోడ్డు కాగితాలు ఇచ్చే వీలుండదు. సెక్షన్ 2(జె) ప్రకారం పనులను, రికార్డులను స్వయంగా చూసే హక్కు, సామగ్రి నమూనాలు ధ్రువీకరించి తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. ఇసుక, సిమెంటు కలిపిన పాళ్ల మీద అనుమానం ఉంటే నమూనా అడగొచ్చని మన దగ్గర చాలామందికి తెలియదు.

దీనికి పూర్తి వ్యతిరేకమైన పొరపాటు, అంతా అడిగేయడం. "గత 10 సంవత్సరాల అన్ని బిల్లులు, అన్ని ఓచర్లు" అని రాస్తే పేజీకి 2 రూపాయల చొప్పున వేలల్లో కట్టమని ఉత్తరం వస్తుంది. ఆ ఉత్తరం పంపిన రోజు నుంచి మీరు డబ్బు కట్టే రోజు వరకు ఉన్న కాలం, జవాబివ్వాల్సిన 30 రోజుల గడువులో లెక్కకు రాదు, అంటే కాలం ఆగిపోయినట్టే. డబ్బు కడితే మూటలు మూటలుగా కాగితాలు, అందులో మీకు కావలసిన పేజీ వెతుక్కోవడం మీ వంతు. లేదంటే సెక్షన్ 7(9) చూపించి, ఇంత సమాచారం తీయాలంటే ఆఫీసు పనే ఆగిపోతుందంటారు. నిజానికి ఆ సెక్షన్ సమాచారం ఏ రూపంలో ఇవ్వాలన్న దాని గురించే చెబుతుంది, పూర్తిగా నిరాకరించమని చెప్పదు, కానీ ఆ వాదన పూర్తయ్యేసరికి ఏడాది గడుస్తుంది. ఏ కాగితం కావాలో తెలియనప్పుడు సరైన దారి తనిఖీ. "ఫలానా ఫైళ్లను స్వయంగా పరిశీలించడానికి తేదీ, సమయం ఇవ్వండి, చూసిన తర్వాత ఎంచుకున్న పేజీల నకళ్లు ఇవ్వండి" అని అడగండి. మొదటి గంటకు ఫీజు లేదు. వెళ్లేటప్పుడు లెక్కలు తెలిసిన ఒకరిని తోడు తీసుకెళ్తామని దరఖాస్తులోనే రాయడం మంచిది. అక్కడ కూర్చుని పేజీ నంబర్లు నోట్ చేసుకుని, నాలుగైదు పేజీలే తీసుకురండి.

భూమి విషయానికి వస్తే, "నా సర్వే నంబరు వివరాలు ఇవ్వండి" అనడం దాదాపు వృథా. 1-బి, అడంగల్, పహాణీ ప్రింటు తీసి ఇస్తారు, అది మీసేవలోనో ఆన్‌లైన్‌లోనో మీకు ముందే దొరికేది. మీకు కావలసింది నాన్న పేరు మీద ఉన్న ఎకరం ఇంకొకరి పేరు మీదకు ఎలా మారిందన్నది. అప్పుడు అడగాల్సింది మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) ఉత్తర్వు, దానికోసం అవతలివాళ్లు పెట్టిన దరఖాస్తు, జతచేసిన పత్రాలు, వారసులకు నోటీసులు ఇచ్చినట్టు రుజువు, వీఆర్‌ఓ, ఆర్‌ఐ ఇచ్చిన రిపోర్టులు, పంచనామా. నోటీసు రుజువు తప్పకుండా అడగండి, నోటీసే ఇవ్వకుండా పేరు మార్చారని తేలితే మీ అప్పీలుకు అది గట్టి ఆధారం. తెలంగాణలో వీఆర్‌ఓ వ్యవస్థను 2020లో రద్దు చేశారు కాబట్టి పాత రిపోర్టులు తహసీల్దారు ఆఫీసు పేరుతోనే అడగాలి. మార్పు ఏ సంవత్సరంలో జరిగిందో తెలియకపోతే ముందు పహాణీలు ఏడాది వారీగా తీసి, పేరు మారిన ఏడాది పట్టుకుని, ఆ తర్వాత ఆర్టీఐ వేయండి. రిజిస్టరైన దస్తావేజుల నకళ్లు, ఈసీలు (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రాలు) మాత్రం రిజిస్ట్రేషన్ శాఖలో మామూలు ఫీజు కట్టి తీసుకోవడమే త్వరగా అయ్యే పని.

విద్యార్థులు "నాకు ఎందుకు తక్కువ మార్కులు వచ్చాయి" అని రాస్తారు. దిద్దిన నా జవాబు పత్రం చూడాలి, నకలు కావాలి అని రాయాలి. పైన చెప్పిన 2011 తీర్పు ఆ హక్కు ఇచ్చింది. సివిల్ సర్వీసెస్ పరీక్షలకు మాత్రం 2018లో అంగేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు వేరుగా చెప్పింది, అక్కడ ఇది అంత తేలికగా నడవదు.

పక్కవాళ్ల సమాచారం గురించి ఒక హెచ్చరిక. ఫలానా వాళ్లకు ఇల్లు ఎలా వచ్చింది, వాళ్ల ఆదాయ సర్టిఫికెట్ ఇవ్వండి అని అడిగితే సెక్షన్ 8(1)(జె) కింద వ్యక్తిగత సమాచారమని నిరాకరిస్తారు, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ సెక్షన్‌ను ఇంకా బిగించింది. నాకు ఈ మార్పు నచ్చలేదు, ఊళ్లో లబ్ధిదారుల జాబితాలను జనం చదివి సరిచూసుకునే హక్కుకు ఇది దెబ్బ అనే అనుకుంటున్నాను. అయినా దారులు మిగిలే ఉన్నాయి. మనుషుల మీద కాకుండా ప్రక్రియ మీద అడగండి: ఎంపిక కమిటీ తీర్మానం, అర్హతల ఉత్తర్వు, గ్రామసభ మినిట్స్, మీకు ఇల్లు ఎందుకు రాలేదో చూపే మీ సొంత ఫైలు. దాంతోపాటు ప్రజాప్రయోజనం ఎక్కువగా ఉంటే ఇవ్వవచ్చని చెప్పే సెక్షన్ 8(2)ను పేర్కొని, ఆ ప్రయోజనం ఏమిటో రెండు వాక్యాల్లో రాయండి. మామూలుగా సమాచారం ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు, 6(2) ఆ మాటే చెబుతుంది, కానీ 8(2) వాడుకుంటున్నప్పుడు చెప్పాల్సిందే.

ఫీజు సంగతి క్లుప్తంగా: మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి ఆఫీసుకు ఏమీ లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. తెల్లరేషన్ కార్డు నకలు జతచేస్తే పేదవాళ్లకు అసలు ఫీజే లేదు. దరఖాస్తు చేతికిస్తే నకలు మీద తేదీతో సంతకం, సీలు తీసుకోవడం మర్చిపోవద్దు.

ఇక జవాబు వచ్చింది, కావలసింది లేదు. కోపంలో వెంటనే అప్పీలు రాయకండి. మీ దరఖాస్తు నకలు పక్కన పెట్టుకుని ఒక్కో అంశం సరిచూడండి. అడిగినది ఇవ్వకపోతే, సగమే ఇస్తే, అడిగిన కాగితం బదులు ఇంకోటి ఇస్తే అప్పీలు చేయాలి. అడిగినదే వచ్చి, అది మీకు పనికిరాకపోతే మాత్రం అప్పీలు వల్ల లాభం లేదు, ఎందుకంటే అప్పీలు అధికారి మీ మొదటి దరఖాస్తులో ఉన్నదాన్నే చూస్తారు, అందులో లేని కొత్త అంశాన్ని అప్పీల్లో కలిపితే పట్టించుకోరు. అలాంటప్పుడు కొత్త దరఖాస్తు వేయడమే మేలు. ఆ పనికిరాని జవాబును పారేయకండి, దాని పైన ఎడమవైపు ఆర్.సి. నంబరో ఫైలు నంబరో ఉంటుంది. అందులో వేరే ఉత్తరం ప్రస్తావన కూడా ఉండవచ్చు, "సూచిక" అని రాసి కింద ఒకటి రెండు లెటర్ల నంబర్లు, తేదీలు ఉంటాయి. కొత్త దరఖాస్తులో ఆ నంబర్లు పెట్టి ఆ ఫైలునే, ఆ ఉత్తరాలనే అడగండి. ఏ ఫైలో తెలియదనే మాట ఇక వాళ్లు అనలేరు.

మొదటి అప్పీలు జవాబు అందిన 30 రోజుల్లో, లేదా జవాబే రాకపోతే గడువు ముగిసిన 30 రోజుల్లో అదే శాఖలో పై అధికారికి చేయాలి. అందులో బాధ వెళ్లబోసుకోవడం కంటే "2వ అంశంలో రిజిస్టరు పేజీలు కోరాను, ఇవ్వలేదు. 3వ అంశంలో ఉత్తర్వు కోరాను, దాని బదులు సర్క్యులర్ ఇచ్చారు" అన్నట్టు రాస్తే చదివేవాళ్లకు పని తేలికవుతుంది. అక్కడా తేలకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

ఇక్కడ ఇంకో గుంట ఉంది, చాలామంది అందులోనే పడుతున్నారు. కమిషన్‌కు రెండు రకాలుగా వెళ్లొచ్చు: సెక్షన్ 18 కింద ఫిర్యాదు, సెక్షన్ 19(3) కింద అప్పీలు. అధికారి మీద కోపంతో 18 కింద ఫిర్యాదు పెడతారు. ఫిర్యాదు మీద కమిషన్ విచారణ చేయవచ్చు, రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. కానీ ఫిర్యాదు మీద సమాచారం ఇప్పించే అధికారం దానికి లేదని 2011 డిసెంబరులో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఏళ్లు ఎదురుచూసి గెలిచినా మీ చేతికి కాగితం రాదు, జరిమానా డబ్బు కూడా మీకు రాదు. కాగితం కావాలంటే 19(3) కిందే వెళ్లండి. అందులోనే చివర, కోరుతున్న ఉపశమనం అని రాసే చోట మూడు అంశాలు విడివిడిగా పెట్టండి: ఫలానా పత్రాలు ఇప్పించాలి, గడువు దాటింది కాబట్టి సెక్షన్ 7(6) ప్రకారం ఉచితంగా ఇప్పించాలి, సెక్షన్ 20 కింద జరిమానా విధించాలి. తిరగడం వల్ల కూలీ పోయి, బస్సు ఖర్చులై నష్టపోతే 19(8)(బి) కింద పరిహారం కూడా అడగొచ్చు, ఎంతో అంకె వేసి, టికెట్లు జతచేసి అడగండి.